ఎవరి ఇంట ఎవరు అతిథి? స్టువర్టుపురం కథ, సువార్త కథ

సమాజం వెలివేసినవాళ్ళను క్రైస్తవం అక్కున చేర్చుకుంది అన్న మాట తెలుగులో ఎంత పాతబడిందంటే, ఇప్పుడెవరూ దాని దగ్గర ఆగి చూడటం లేదు. మెచ్చుకునేవాళ్ళు దాన్ని సేవ అంటారు. గిట్టనివాళ్ళు అదే పనిని ఎర అంటారు. ఇద్దరి వాక్యంలోనూ కర్త మిషనరీయే, చేరినవాడు కర్మ. రోజూ పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పుకునేవాళ్ళం కనుక మాకు ఇది ముందుగా కంట్లో పడుతుంది. చేరినవాడు ఏమనుకుని చేరాడు, చేరాక ఏం చూశాడు, చేర్చుకున్న ఇంట్లో అతన్ని ఎక్కడ కూర్చోబెట్టారు అన్న ప్రశ్నలు ఆ వాక్యంలో పట్టవు.

మాల మాదిగల విషయంలో ఈ లోటు కొంత తీరింది. జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చాక, మతం మారడం అంటే ఏమిటో వాడ లోపలి నుంచి చూసే చూపు తెలుగు నవలకు దక్కింది. అందులో మనుషులు ఎవరో ఎత్తుకుపోతే పోయినవాళ్ళు కారు. ఆకలితో, అవమానంతో, ఆలోచనతో తామే నడిచినవాళ్ళు. మా ఎరుకల వాళ్ళ కథ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఇతరుల చేతిరాతలోనే ఉంది. అందుకే ఈ వ్యాసంలో స్టువర్టుపురం గురించి రాసినవాటిని, తీసినవాటిని, చెప్పుకుంటున్నవాటిని కొన్నింటిని సువార్త పక్కన పెట్టి చదవాలనుకుంటున్నాం. కొలబద్దగా సువార్తనే ఎందుకు తీసుకున్నామంటే, ఆ పని చేసినవాళ్ళు దాని పేరు మీదే చేశారు. వాళ్ళ గజంతోనే కొలవడం న్యాయం.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎరుకల వాళ్ళం కొండల మీద ఉండం. ఏజెన్సీ మిత్రులు మమ్మల్ని మైదాన గిరిజనులంటారు. అనడంలో కొంచెం వెటకారం ఉంటుంది, ఫరవాలేదు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి మెట్టకు, అక్కడి నుంచి ధాన్యం వేసుకుని వెనక్కి తిరిగిన జనం. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అన్న పేర్లలోనే ఎవరు ఏ సరుకుతో బతికారో ఉంది. ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా సోది చెప్పేవాళ్ళు. ఎరుక అంటేనే తెలివిడి. ఇంట్లో మాట్లాడుకునేది కుర్రు బాస. అంటే తిరగడమే మా వ్యాపారం, తిరగడమే మా చదువు. ఇంగ్లీషు ప్రభుత్వం ఉప్పును తన గుత్తగా చేసుకుంది. రైలు వచ్చి గాడిద మోసే బరువును లాక్కుంది. అడవి చట్టాలు వచ్చి వెదురు బద్దకు అడ్డం పడ్డాయి. ఈ మూడూ కలిసి ఒక తరంలో బతుకుతెరువు తీసేశాక, తిరుగుతున్నవాడు ఎందుకు తిరుగుతున్నాడో ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. మీనా రాధాకృష్ణ 2001లో ఇంగ్లీషులో ప్రచురించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ ఈ వరుసను పాత కాగితాలతో సహా చూపిస్తుంది. మా వాళ్ళు చదవాల్సిన పుస్తకం.

అనుమానం పుస్తకాలుగా కూడా వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ‘నేర వర్గాల’ మీద పోలీసు అధికారి ముల్లాలీ 1892లోనే పుస్తకం అచ్చు వేశాడు. 1909లో వచ్చిన థర్స్టన్ సంపుటాల్లో కొరవల గురించి, ఎరుకల గురించి ఉన్న పేజీల్లో కూడా పోలీసుల కథనాలు దండిగా ఉన్నాయి. ఇతర కులాల గురించి తెలుసుకోవాలంటే పురోహితుణ్ణో పెద్దమనిషినో అడిగారు. మా గురించి తెలుసుకోవాలంటే పోలీసు స్టేషనుకు వెళ్ళారు. మా తొలి చరిత్రకారులు పోలీసులే. ఇందులో హాస్యం ఏమైనా ఉంటే అది మాకు ఇంకా కనపడలేదు.

ఉత్తరాదిన 1871 నుంచి ఉన్న నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. దాని లెక్క సులువు. మనిషి నేరం చేశాడా లేదా అని చూడనక్కర లేదు, ఏ కులంలో పుట్టాడో చూస్తే చాలు. పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వేయాలి, పిలిచిన వేళకు హాజరు చెప్పాలి, పొలిమేర దాటాలంటే చీటీ కావాలి. ఒక జాతిని మొత్తంగా తీసుకెళ్ళి సెటిల్మెంటులో పెట్టే అధికారం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బళ్ళలో వేసే అధికారం కూడా చట్టంలో ఉన్నాయి. ఆ సెటిల్మెంట్లను నడపడానికి ప్రభుత్వానికి మనుషులు కావాల్సి వచ్చారు. వచ్చినవాళ్ళు మిషన్ల వాళ్ళు. కావలిలో అమెరికన్ బాప్టిస్టులు, బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ. 1913 ప్రాంతంలో ఏర్పడిన ఆ ఊరికి మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. ఊరికి దేవుడి పేరు పెట్టలేదు, ఎరుకల పేరు పెట్టలేదు, దొర పేరు పెట్టారు. బాపట్ల, చీరాల మధ్య రైల్లో పోతుంటే ఆ పేరు పసుపు బోర్డు మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

సాల్వేషన్ ఆర్మీ కథలో మమ్మల్ని ఆపేది దాని మొదటి అధ్యాయం. ఇండియాకు దాన్ని తెచ్చినవాడు ఫ్రెడరిక్ టక్కర్. ఇక్కడే పుట్టాడు, ఇండియన్ సివిల్ సర్వీసులో ఉద్యోగం చేశాడు, 1881లో ఆ కొలువు వదిలేశాడు. మరుసటి ఏడాది బొంబాయిలో చిన్న గుంపుతో దిగాడు. ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. కాషాయం కట్టాడు, చెప్పుల్లేకుండా నడిచాడు, ఊళ్ళలో అన్నం అడుక్కుని తిన్నాడు. వీధిలో ఊరేగింపు తీసినందుకు అదే ఇంగ్లీషు ప్రభుత్వం ఆ గుంపును అరెస్టు చేసింది. తెల్లవాడు నల్లవాడి గుమ్మం ముందు చెయ్యి చాచడం దొరలకు తలవంపులుగా తోచింది. అప్పటి టక్కర్ అతిథి. పెట్టేది ఊరివాళ్ళు, తినేది అతను. ఎవరింటి ముందు నిలబడితే ఆ ఇంటివాడే యజమాని.

పాతికేళ్ళు గడిచేసరికి ఈ సంబంధం తలకిందులైంది. 1908లో గోరఖ్‌పూర్‌లో డోముల కోసం మొదటి సెటిల్మెంటు తెరిచారు. మామగారైన విలియం బూత్ ఇంగ్లండు పేదల కోసం 1890లో రాసిన పుస్తకంలో పేదల్ని పొలాల కాలనీల్లో పెట్టి పని నేర్పే పథకం ఉంది. దాన్నే ఇక్కడికి తెచ్చారు. అక్కడ పేదవాడు ఇష్టమైతే వస్తాడు, ఇష్టం లేకపోతే పోతాడు. ఇక్కడ పోతే జైలు. బూత్-టక్కర్ ఈ పని గురించి ‘క్రిమినోక్యూరాలజీ’ అని ఒక పుస్తకం రాశాడు. నేరాన్ని జబ్బుగా, తమ పనిని వైద్యంగా చూపడం అందులోని ఎత్తుగడ. నేరస్థ జాతుల మనిషికి ముద్దుగా ‘క్రిమ్’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు చెవికి అది సరదా మాటేమో. తెలుగు చెవికి క్రిమి అని వినపడుతుంది. అతనికి మా బాస రాదు కనుక ఈ శ్లేష అతని పాపం కాదు. కానీ జబ్బు, వైద్యం అన్న రూపకం మొత్తం ఆ మాటలోనే కూర్చుని ఉంది. రోగికి వైద్యుడి మీద హక్కు ఉండదు, కృతజ్ఞత మాత్రమే ఉండాలి. ఆ పుస్తకంలో మనకు కనపడే ఆదరణ ఈ రకందే. ప్రేమ లేదని మేము అనడం లేదు. ఆ ప్రేమలో ఒక కుర్చీ ఉంది, ఒక రిజిస్టరు ఉంది, గేటు తాళంచెవి ఉంది.

ఇప్పుడు సువార్త దగ్గరికి వద్దాం. లూకా రాసిన కథల్లో యేసు ఎంతమందిని పిలిచి అన్నం పెట్టాడో లెక్క చూస్తే తక్కువే. ఎంతమంది ఇంట్లో తిన్నాడో చూస్తే చాలా ఎక్కువ. సుంకరి లేవీ ఇంట్లో తిన్నాడు. జక్కయ్య విషయంలో అయితే పిలవకుండానే వస్తానన్నాడు. చెట్టెక్కిన పొట్టివాణ్ణి దిగమని, ఈ పూట మీ ఇంట్లోనే ఉంటానని చెప్పాడు. జనం గొణిగారు. వాళ్ళ గొణుగుడును జాగ్రత్తగా చదవాలి. పాపిని ఆదరించాడని కాదు వాళ్ళ బాధ. పాపి ఇంటికి అతిథిగా పోయాడని. ఆదరించడం గొప్పవాళ్ళకు ఎప్పుడూ అలవాటే, దానికి ఎవరూ గొణగరు. వెలివేసినవాడి కంచంలో చెయ్యి పెట్టినప్పుడే ఊరు గొణుగుతుంది. ఆ తర్వాత జక్కయ్య లేచి తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. భోజనం ముందు, మార్పు తర్వాత. మార్పు కూడా అతను తన నోటితో, తన ఇంట్లో, యజమాని హోదాలో చెప్పింది. యేసు అతన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు, అతని పేరు ఎక్కడా రాయించలేదు. సెటిల్మెంటులో ఈ వరుస మొత్తం తిరగబడింది. మార్పు ముందు, రుజువు తర్వాత, నమ్మకం ఆ పైన. అధికారి ఎరుకల ఇంట్లో కూర్చుని గంజి తాగిన సంగతి ఎక్కడైనా ఉంటే అది మినహాయింపు. వ్యవస్థ దాని మీద కట్టలేదు.

మత్తయిలో తీర్పు దినం గురించిన భాగం సేవా సంస్థల గోడల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఆకలిగొన్నవాడికి పెట్టడం, పరదేశిని చేర్చుకోవడం, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడటానికి పోవడం. అది చదివి సేవ చేసేవాళ్ళు తమను యేసు పక్షాన నిలబెట్టుకుంటారు. కానీ ఆ భాగంలో యేసు తన స్థానం ఏదో తేల్చి చెప్పాడు. అతను పెట్టినవాడి పక్కన లేడు. ఆకలిగొన్నవాడు తానే, పరదేశి తానే, చెరసాలలో ఉన్నవాడు తానే. ఈ లెక్కన 1913లో బాపట్ల పక్కన ఇసుకలో సెటిల్మెంటు కడితే యేసు ఎక్కడుండాలి? హాజరు పిలిచే బల్ల వెనక ఉండలేడు. వరుసలో నిలబడి ఉండాలి. ఈ మాట అన్నందుకు మమ్మల్ని దైవదూషణ చేశామనే సోదరులు ఉంటారు. వాక్యం తీసి చూడమని మాత్రం వాళ్ళతో చెప్పగలం.

హాజరు గురించి ఒక మాట. మేము కూడా రోజూ పొద్దున్నే రిజిస్టరు తెరిచి పేర్లు పిలిచేవాళ్ళమే. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి మా హాజరు మేమే వేసుకోవాల్సి వస్తే ఉపాధ్యాయ సంఘాలు గగ్గోలు పెట్టాయి, మమ్మల్ని నమ్మడం లేదా అని. గగ్గోలులో న్యాయం ఉంది. అయితే అది పగటి హాజరు. పగలూ రాత్రీ పిలుపుకు బదులు చెప్పిన జనం మనవలు, మునిమనవలు అదే బడిలో ముందు బెంచీలో కూర్చున్నప్పుడు, ‘స్టువర్టుపురం బ్యాచ్’ అనే హాస్యం స్టాఫు రూములో మా చెవిన పడుతూనే ఉంటుంది. చాక్‌పీసు పోయినా ఆ మాటే, పెన్ను పోయినా ఆ మాటే. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. అందుకే చెప్పడం.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే మా వ్యాసం ఒంటికాలి మీద నిలబడుతుంది. సెటిల్మెంటు భూమి ఇచ్చింది, బడి ఇచ్చింది. తాతకు వేలిముద్ర తప్ప తెలియని ఇంట్లో మనవరాలు నర్సయింది, టీచరయింది, రైల్వేలో చేరింది. పోలీసు లాఠీకీ మనిషికీ మధ్య తెల్ల అధికారి నిలబడిన సందర్భాలు పెద్దవాళ్ళు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు. స్టువర్టుపురంలో చట్టం పోయాక కూడా గుడి మిగిలింది, జనం అందులోనే మిగిలారు. చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజు తర్వాత ఆదివారం గుడికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు, అయినా వెళ్ళారు. విమర్శకులు దీన్ని సరిగా పట్టించుకోరు. కాపలాతో వచ్చిన మతమైతే కాపలా పోగానే పోవాలి. పోలేదంటే, గేటు దగ్గర ఇచ్చినదాని కంటే వేరే ఏదో ఒకటి లోపలి జనం ఆ పుస్తకంలో సొంతంగా వెతుక్కున్నారు. ఏం వెతుక్కున్నారన్నది ఎవరైనా కూర్చుని రాయాల్సిన పుస్తకం. మా ఊహ చెప్పమంటే, పాత నిబంధనలో నలభై ఏళ్ళు గుడారాలతో తిరిగిన జనాన్ని చూసి వీళ్ళు మనవాళ్ళే అనుకుని ఉంటారు. తిరగడం నేరం కాని పుస్తకం వాళ్ళకు అదొక్కటే దొరికింది.

తెలుగు సాహిత్యంలో సెటిల్మెంటు లోపలికి మొదటిగా వెళ్ళిన పెద్ద నవల ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. 1922లో వచ్చింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రాసింది జైల్లో. కాబట్టి తాళం పడే చప్పుడు ఆయనకు విని తెలుసు. రామదాసు కుటుంబం ఇల్లూ పొలమూ పోయి దొంగల సెటిల్మెంటులో పడే ఘట్టాలు నవలలో మాకు అన్నిటికంటే విలువైనవి. ఆదరణ పేరుతో జరిగేది నిర్బంధమని, దైవభక్తి పక్కనే పోలీసు ఉన్నాడని 1922లోనే రాయడం చిన్న సంగతి కాదు. స్టువర్టుపురానికి అప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు. ఇంత చెప్పాక కూడా మాకొక అసంతృప్తి మిగులుతుంది. నవల గుండె రామదాసు దగ్గర ఉంది. అతను జ్ఞాని, భక్తుడు, ఏ తప్పూ చేయనివాడు. అలాంటివాడు సెటిల్మెంటులో పడ్డాడే అన్నది చదివేవాళ్ళ కన్నీరు. మరి జ్ఞానులు కాని, భక్తులు కాని, మామూలు ఉప్పు ఎరుకల సంగతి? వాళ్ళు అక్కడ ఉండటం సబబేనా? అమాయకుణ్ణి దొంగల మధ్య పడేశారు అనడం వేరు, వీళ్ళందర్నీ దొంగలని ఎవరన్నారు అని అడగడం వేరు. మాలపల్లి మొదటి దాన్ని గొప్పగా చేసింది. రెండోది చేయాలంటే కథ చెప్పేవాడు వరుసలో నిలబడినవాడే కావాలి. ఉన్నవ వారిని ఇందుకు తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వందేళ్ళు గడిచినా ఆ వరుసలోంచి అంత పెద్ద గొంతు తెలుగు నవలలోకి రాకపోవడానికి బాధ్యులు ఆయన కారు.

గుర్రం జాషువా ఇక్కడికి ఎందుకు వస్తారంటే, చేర్చుకోవడం అన్న మాటకు రెండు అంచులూ చూసిన కవి ఆయన. క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. కులం వల్ల పండితులు దూరం పెట్టారు. పురాణ కథలు పద్యాలుగా రాస్తున్నాడని సొంత మతంవాళ్ళూ దూరం పెట్టారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని మనిషి తన మొరను శివుడికి చేర్చమని గబ్బిలంతో చెప్పుకుంటాడు. గుడిలోకి వెళ్ళగలిగేది ఆ పక్షి, వెళ్ళలేనిది మనిషి. ఆ మొర గుడి గుమ్మం దగ్గర ఎంత నిజమో చర్చి గుమ్మం దగ్గరా అంతే నిజమని జాషువాకు తెలుసు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసినవాడే చివరికి క్రీస్తు కథను తెలుగు పద్యంలో నిలబెట్టాడు. ఆయన కూతురు హేమలతా లవణం నాస్తికురాలు. గోరా కుటుంబంలో కోడలు. 1970లలో స్టువర్టుపురం వెళ్ళి, భర్తతో కలిసి ఆ జనం మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. దేవుడి పేరు లేకుండా ఒక స్త్రీ ఆ ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. జక్కయ్య కథలోని వరుసకు దగ్గరగా వచ్చింది ఎవరు అని అడిగితే, అధికారుల కంటే ఈ నాస్తికురాలి పేరే మా నోట ముందు వస్తుంది. ఆమె పనిలోనూ ‘సంస్కరణ’ అన్న మాట ఉంది, దానితో మాకు పేచీ ఉంది. సంస్కరించబడాల్సింది మేమేనా, చట్టం రాసినవాళ్ళా అన్నది ఆ మాటలో తేలదు. కానీ గడప దాటిన దిక్కు సరైనది.

సినిమాల దగ్గర ఎక్కువసేపు ఆగడం దండగ. 1991 ఒక్క ఏడాదిలోనే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ రెండూ వచ్చాయి. ఒకదాని పేరులో పోలీసు, రెండోదానిలో దొంగ. ఆ ఊళ్ళో మూడో రకం మనిషి ఉంటాడని తెలుగు పరిశ్రమకు తోచలేదు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చే ముందు మా వాళ్ళ అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్ళింది. దొంగను వీరుడిగా చూపించాం కదా, మీకు గౌరవమే కదా అన్నవాళ్ళున్నారు. పులి అని పిలిస్తే అడవిలోకి పంపినట్టే, ఇంట్లోకి పిలిచినట్టు కాదు. 1892 నాటి పోలీసు పుస్తకంలో ఉన్నదే రంగుల్లో, పాటలతో సహా వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పాల్సిన పిల్లవాడికి దాని వసూళ్ళలో వాటా లేదు.

ఇవాళ్టి సంఘాల సంగతి కూడా ఇక్కడే అనాలి. చాలా ఊళ్ళలో మాల గుడి వేరు, మాదిగ గుడి వేరు. ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ వేదిక మీద అనరు. వెలివేసినవాళ్ళను యేసు చేర్చుకున్నాడని రెండు గుళ్ళలోనూ ఒకే ఆదివారం ప్రసంగం వినిపిస్తుంది. ఊరి చివర పందుల పాకల పక్కన ఉన్న ఎరుకల కుటుంబం ఏ గుడికి పోవాలి? ఎక్కడికి పోయినా చేర్చుకుంటారు, అందులో అనుమానం లేదు. ప్రార్థన చేస్తారు, పండక్కి చీర ఇస్తారు. ఆ ఇంటికి వచ్చి భోంచేసే పాస్టరుగారు ఎందరు అన్నది అసలు లెక్క. వస్తున్నవాళ్ళు ఉన్నారు, మాకు తెలుసు. వాళ్ళ గురించి ఊరు ఇప్పటికీ గొణుగుతుంది. ఆ గొణుగుడే వాళ్ళ యోగ్యతా పత్రం.

బయటి నుంచి ఇంకో వత్తిడి వస్తోంది. షెడ్యూల్డు కులాలవాళ్ళు క్రైస్తవులైతే 1950 ఉత్తర్వు ప్రకారం ఆ హోదా పోతుంది. షెడ్యూల్డు తెగలకు అలాంటి షరతు లేదు. గిరిజనుడు ఏ దేవుడికి మొక్కినా గిరిజనుడే. ఇప్పుడు మతం మారినవాళ్ళను తెగల జాబితా నుంచి తీసెయ్యాలని కొందరు సభలు పెట్టి అడుగుతున్నారు. ఎరుకల విషయంలో ఈ కోరిక ఎంత వింతగా ఉందో చూడండి. కులాన్ని చూసి రిజిస్టరులో పేరు ఎక్కించింది ప్రభుత్వం. మిషను చేతికి అప్పగించింది ప్రభుత్వం. అప్పుడు మా మతం ఏమిటని మమ్మల్ని ఎవరూ అడగలేదు. వందేళ్ళ తర్వాత, ఆ మతంలో ఎందుకున్నావు, అయితే జాబితాలోంచి లే అంటున్నారు. ఒకసారి పుట్టుక చూసి లోపల పెట్టారు, ఇంకోసారి ప్రార్థన చూసి బయట పెడతామంటున్నారు. ఈ విషయంలో సంఘ పెద్దలు గొంతు విప్పితే అది నిజంగా ఆదరణ అవుతుంది. ఉపవాస ప్రార్థనలకు వేసే షామియానాలో నాలుగో వంతు ఈ పనికి వేసినా చాలు.

సువార్తలో మాకు అన్నిటికంటే దగ్గరైన మనిషి జక్కయ్య కూడా కాదు, సిలువ మీది దొంగ. యేసు నోటితో నేరుగా, నువ్వు ఈ రోజే నాతో ఉంటావని పరదైసు మాట పొందినవాడు అతనొక్కడే. మంచి నడవడికకు గడువు లేదు, పూచీకత్తు లేదు, ‘ఈ రోజే’. అక్కడ యేసు చేర్చుకునే స్థితిలో కూడా లేడు. ఇల్లు లేదు, ఒంటి మీద బట్ట లేదు, ఇద్దరికీ ఒకే శిక్ష. అతిథీ యజమానీ అన్న తేడా అక్కడ పూర్తిగా పోయింది. మన గుళ్ళలో గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటలను ఏడుగురు చెబుతారు. ఇది రెండో మాట. సాధారణంగా దీన్ని చివరి నిమిషంలో మారుమనస్సు గురించి హెచ్చరికగా చెబుతారు, దొంగ ఒక ఉదాహరణగా వచ్చిపోతాడు. మా వైపు ఒక ఎరుకల కాలనీ గుడిలో ఈ మాటను చదువు పెద్దగా లేని ఒక పెద్దాయనకు ఇచ్చారు. ఆయన మారుమనస్సు జోలికి పోలేదు. ఈ మనిషిని ఎవరు పట్టిచ్చారు, ఏం పోయిందని పట్టిచ్చారు, విచారణ జరిగిందా, అతని ఆడమనిషి ఆ గుంపులో ఎక్కడ నిలబడి ఉంటుంది అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. కుర్రు బాసలో కొంత, తెలుగులో కొంత. ఆడవాళ్ళ వైపు చాలామంది తలలు వంచుకుని విన్నారు. ఆయనకు ఇచ్చిన పదిహేను నిమిషాలు దాటిపోయాయి, ఎవరూ గంట కొట్టలేదు. తర్వాత మూడో మాటకు లేచారు.